పన్నెండు తీగల అట్లాంటా

ఒక్క మనిషి చేతిలో రెండు గిటార్లలా మోగే వాద్యం అది. దాన్ని పెంచి పెద్దచేసిన వీధులు చెదిరిపోయాయి. మోత మాత్రం ఇళ్లలో మిగిలింది

అట్లాంటా నడిబొడ్డు నుంచి తూర్పుకు సాగే పోన్స్ డి లియోన్ అవెన్యూ సాయంత్రమైతే కార్లతో కిక్కిరిసిపోతుంది. 1926 నాటి సియర్స్ కంపెనీ భారీ గోదామును బాగుచేసి తీర్చిన పోన్స్ సిటీ మార్కెట్, దాని చుట్టూ అపార్ట్‌మెంట్లు, కాఫీ దుకాణాలు. దక్షిణాది నగరాల్లో డబ్బూ హుషారూ కలిసి కనిపించే రోడ్లలో ఇదొకటి. 1930లు, 40లలో ఇదే రోడ్డు మీద పిగ్ అండ్ విజిల్ అనే డ్రైవ్-ఇన్ ఉండేది. కారు దిగకుండానే నిప్పుల మీద కాల్చిన మాంసం శాండ్‌విచ్ తెప్పించుకుని తినే చోటు. తెల్లవాళ్ల కోసం నడిచిన ఆ హోటల్ ఆవరణలో రాత్రిపూట ఒక నల్లజాతి అంధుడు కారు నుంచి కారుకు తిరుగుతూ అడిగిన పాటల్లా పాడేవాడు. నీటైన దుస్తులు, తలమీద టోపీ, చేతిలో మామూలు కంటే పెద్ద గిటారు. పేరు విలియం శామ్యూల్ మెక్‌టెల్. లోకానికి బ్లైండ్ విల్లీ మెక్‌టెల్.

ఆయన గిటారుకు పన్నెండు తీగలు. ఇంజన్ల రొదనూ తినేవాళ్ల కబుర్లనూ దాటి రోడ్డు అవతలికి వినిపించడానికి ఆ పన్నెండూ కావాల్సి వచ్చాయి. ఈ గిటారు కథ సంగీత సభల్లో మొదలుకాలేదు. రోడ్డు మీద, చిల్లర కోసం, మైకు లేని కాలంలో మొదలైంది. అమెరికాలో ఆ కథను వెతుక్కుంటూ వెళ్లేవారికి అట్లాంటా తప్పనిసరి మజిలీ.

సారణి, అనుసారణి

మామూలు గిటారుకు ఆరు తీగలు. దీనికి పన్నెండు ఉన్నా వాయించే వేళ్లకు లెక్క ఆరే. తీగలు జంటలుగా, ఒకదాని పక్కన ఒకటి దగ్గరగా ఉంటాయి. ఎడమచేతి వేలు ఒకేసారి రెండింటినీ నొక్కాలి. కుడిచేయి ఒకే మీటుతో రెండింటినీ పలికించాలి. మంద్ర స్వరాలు పలికే నాలుగు జంటల్లో ఒక తీగ లావుగా ఉంటే దాని జోడు సన్నగా ఉండి సరిగ్గా ఒక స్థాయి పైన మోగుతుంది. పై రెండు జంటల్లో రెండు తీగలదీ ఒకటే స్వరం. లావు తీగ గంభీరంగా అన్నమాటనే సన్న తీగ పక్కనుంచి చిన్నపిల్లలా అందుకుంటుంది. అందుకే దూరం నుంచి వినేవారికి ఇద్దరు వాయిస్తున్నట్లు అనిపిస్తుంది.

తంబురా తెలిసిన తెలుగువారికి ఇది మరీ వింత విషయం కాదు. తంబురా నాలుగు తీగల్లో నడుమ ఉండే సారణి, అనుసారణి రెండింటినీ ఒకే షడ్జమానికి శ్రుతి చేస్తారు. ఒక్క తీగ చాలదా అని ఎవరూ అడగరు. రెండూ కలిసి మోగినప్పుడు వచ్చే నిండుదనం ఒక్కదాన్ని ఎంత గట్టిగా మీటినా రాదని వినేవారందరికీ తెలుసు.

ఇందులో ఉన్న భౌతికశాస్త్రం చాలా సులువు. సెకనుకు 440 సార్లు కంపించే తీగ పక్కన 441 సార్లు కంపించే తీగ మోగితే చెవికి రెండు స్వరాలు వినపడవు. ఒకే స్వరం సెకనుకోసారి ఉబ్బి తగ్గుతున్నట్లు వినిపిస్తుంది. రెండు తీగలను ఎంత జాగ్రత్తగా శ్రుతి చేసినా వెంట్రుకవాసి తేడా ఉండనే ఉంటుంది. ఆ తేడా ఆరు జంటల్లో ఆరు రకాలుగా ఉండేసరికి మొత్తం మోత నీటిమీద వెలుగులా కదులుతూ ఉంటుంది. పన్నెండు తీగల గిటారు అందమంతా అందులోనే ఉంది. తేడా ఇంకాస్త పెరిగిందా, అంత అందమూ ఒక్కసారిగా అపశ్రుతి అయిపోతుంది. సంసారంలో సర్దుబాటుకూ తగాదాకూ మధ్య ఉన్నంత దూరమే ఇక్కడా.

జెర్సీ సిటీ సరుకు

ఈ గిటారు ఎక్కడ పుట్టిందన్న ప్రశ్నకు ఒక్క ఊరి పేరు జవాబుగా రాదు. జంట తీగల వాద్యాలు యూరప్‌లో శతాబ్దాలుగా ఉన్నాయి. మెక్సికోలో బాహో సెక్స్‌తో అనే పన్నెండు తీగల వాద్యం ఉంది. అమెరికాలో మాత్రం 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో ఫ్యాక్టరీలు దీన్ని ఒక కొత్త సరదా వస్తువుగా తయారుచేశాయి. అందులో పేరు మోసింది ఆస్కార్ ష్మిట్ కంపెనీ. దాని ఫ్యాక్టరీ జెర్సీ సిటీలో ఉండేది. న్యూయార్క్‌కు హడ్సన్ నది ఆవల ఉన్న ఆ ఊరు నేటి భారతీయులకు కూరగాయలకూ మిఠాయిలకూ వెళ్లే న్యూవార్క్ అవెన్యూ బజారుగా పరిచయం. నూరేళ్ల క్రితం అక్కడి నుంచే స్టెల్లా అనే చవక గిటార్లు దేశమంతా వెళ్లేవి. ఖరీదైన చెక్క, నగిషీ ఏమీ ఉండేవి కావు. పొడవైన మెడ, పెద్ద పొట్ట, లోపల అడ్డంగా నిచ్చెనమెట్లలా అతికించిన పట్టీలు. తీగల చివరలను గిటారు అడుగున బిగించిన లోహపు ముక్కకు తగిలించేవారు. కూలి డబ్బులతో కొనుక్కునే సరుకు అది.

సరదా వస్తువుగా తయారైన ఈ గిటారును బతుకుతెరువుగా మార్చింది దక్షిణాది నల్లజాతి గాయకులు. వాళ్లలోనూ అట్లాంటావారిది ప్రత్యేక స్థానం. 1920ల చివర వెలువడిన బ్లూస్ రికార్డుల్లో పన్నెండు తీగలు ఇంత గట్టిగా వినిపించిన నగరం మరొకటి లేదు. పత్తి ధర పడిపోవడం, కాయల పురుగు పంటను తినేయడం, పల్లెల్లో తెల్లవాళ్ల దాష్టీకం, ఇవన్నీ కలిసి జార్జియా పల్లెల నుంచి వేలాది నల్లజాతి కుటుంబాలను అట్లాంటాకు నెట్టాయి. వాళ్లు చేరిన చోటు డెకేటర్ స్ట్రీట్ పరిసరాలు. తాకట్టు దుకాణాలు, చేపల వేపుళ్లు, మంగలి షాపులు, బెస్సీ స్మిత్ పాడిన 81 థియేటర్, రైలు పట్టాలు. అక్కడ పాడి బతకాలంటే గొంతు ఒక్కటే చాలదు. గొంతుకు తోడు రావాలి, కానీ తోడు వచ్చినవాడికి వాటా ఇవ్వాలి. వాటా అడగని తోడు పన్నెండు తీగల గిటారు. ఆ వీధి చుట్టుపక్కల ఇప్పుడు జార్జియా స్టేట్ యూనివర్సిటీ భవనాలు విస్తరించాయి. బ్యాగులు తగిలించుకుని తరగతులకు పోయే విద్యార్థుల్లో తెలుగు పిల్లలూ కనిపిస్తారు.

నగరానికి తూర్పున వాల్‌నట్ గ్రోవ్ అనే పల్లె ప్రాంతంలో సవన్నా వీవర్ అనే ఆమె చర్చిలో పియానో, గిటారు వాయించేది. కొడుకు కర్లీ వీవర్‌తోపాటు ఇరుగుపొరుగు పిల్లలైన రాబర్ట్ హిక్స్, అతని అన్న చార్లీలకు గిటారు ఓనమాలు ఆమే దిద్దించింది. పెద్దయ్యాక ముగ్గురూ అట్లాంటా చేరారు. రాబర్ట్ హిక్స్‌కు బక్‌హెడ్ ప్రాంతంలోని ఒక బార్బెక్యూ హోటల్లో వంటపని దొరికింది. వండి వడ్డించి, మధ్యలో వచ్చినవారికి పాట పాడేవాడు. 1927 మార్చిలో కొలంబియా కంపెనీ అతని చేత మొదటి రికార్డు చేయించి, వంటవాడి తెల్ల దుస్తుల్లో, చేతిలో పన్నెండు తీగల గిటారుతో ఫొటో తీయించి, బార్బెక్యూ బాబ్ అని పేరు పెట్టింది. నాలుగేళ్లలో అరవైకి పైగా పాటలు రికార్డు చేశాడు. 1931లో, 29 ఏళ్లకే, ఊపిరితిత్తుల జబ్బుతో పోయాడు. బక్‌హెడ్ ఇప్పుడు అట్లాంటాలో అత్యంత ఖరీదైన ప్రాంతాల్లో ఒకటి.

కూలిపోయిన గది

తెలుగు సంఘాల మహాసభలకు అట్లాంటా వెళ్లినవారు తెలియకుండానే ఈ కథకు చాలా దగ్గరగా వెళ్లి వచ్చారు. 2024 జూన్‌లో అమెరికన్ తెలుగు అసోసియేషన్ సభలు జరిగిన జార్జియా వరల్డ్ కాంగ్రెస్ సెంటర్‌కు నడిచి వెళ్లేంత దూరంలోనే నాసో స్ట్రీట్ ఉంది. ఆ వీధిలోని 152వ నంబరు భవనంలో 1923 జూన్‌లో ఓకే రికార్డుల కంపెనీ తరఫున రాల్ఫ్ పియర్ తాత్కాలిక స్టూడియో పెట్టాడు. అంతకుముందు పాడేవాళ్లే న్యూయార్క్ వెళ్లాలి. యంత్రాలే పాడేవాళ్ల ఊరికి రావడం దక్షిణాదిలో అప్పుడే మొదలైంది. ఫిడ్లింగ్ జాన్ కార్సన్ అనే తెల్ల ఫిడేలు వాద్యకారుడు, లూసిల్ బోగన్ అనే నల్లజాతి బ్లూస్ గాయని అదే గదిలో రికార్డు చేశారు. ఆ తర్వాత మిగతా కంపెనీలూ అట్లాంటాకు యంత్రాలు మోసుకొచ్చాయి. బార్బెక్యూ బాబ్, మెక్‌టెల్ లాంటివారి గొంతులు నిలిచాయంటే ఆ అలవాటు పుణ్యమే.

152 నాసో స్ట్రీట్ 2019 దాకా నిలబడింది. చరిత్ర అభిమానులు అర్జీలు పెట్టారు, కోర్టు మెట్లెక్కారు. అయినా పర్యాటకుల హోటల్ సముదాయం కోసం ఆ ఏడాదే దాన్ని కూల్చేశారు. పాత సినిమాహాళ్లు ఒక్కొక్కటే షాపింగ్ మాల్స్‌గా మారడం చూసిన హైదరాబాదీలకు ఈ కథలో తెలియనిదేమీ ఉండదు. అట్లాంటాకు పాతదాన్ని తీసేసి కొత్తది కట్టడమే అలవాటు. 1864 యుద్ధంలో కాలి బూడిదై మళ్లీ లేచిన ఊరు కావడంతో, నగర చిహ్నం మీదే బూడిదలోంచి లేచే ఫీనిక్స్ పక్షి ఉంటుంది. ఆ పక్షికి వెనక్కి చూసే తీరిక తక్కువ.

ఒకే మనిషి, ఆరు పేర్లు

బ్లైండ్ విల్లీ మెక్‌టెల్ అట్లాంటాకు తూర్పున థామ్సన్ దగ్గర పుట్టాడు. 1898 అని కొందరు, 1903 అని కొందరు లెక్క వేస్తారు. పెరిగింది స్టేట్స్‌బరోలో. పుట్టుకతో ఒక కంటి చూపు లేదు, చిన్నతనంలోనే రెండోదీ పోయింది. మేకన్‌లోని అంధుల పాఠశాలలో చదివి బ్రెయిలీ నేర్చుకున్నాడు. అయినా అట్లాంటా వీధులు, రైలు మార్గాలు, ఊళ్లకు ఊళ్లు ఆయనకు అరచేతిలో గీతలు. 1928 అక్టోబరులో అట్లాంటాలో పాడిన ‘స్టేట్స్‌బరో బ్లూస్’ నాలుగు దశాబ్దాల తర్వాత తాజ్ మహల్ అనే గాయకుడి ద్వారా, 1971లో ఆల్‌మన్ బ్రదర్స్ ద్వారా రాక్ అభిమానులకు చేరింది. ఆ పాట తెలిసిన లక్షలాది మందిలో దాని యజమాని పేరు తెలిసినవారు తక్కువ.

అందుకు ఆయన పేర్లూ కొంత కారణం. ఒక కంపెనీతో ఒప్పందం ఉండగా మరో కంపెనీకి పాడాలంటే పేరు మార్చాలి. విక్టర్‌కు బ్లైండ్ విల్లీ. కొలంబియాకు బ్లైండ్ శామీ. ఓకేకు జార్జియా బిల్. తర్వాత హాట్ షాట్ విల్లీ. 1949లో అట్లాంటిక్‌కు బారెల్‌హౌస్ శామీ. మరో కంపెనీకి తాను పాడే హోటల్ పేరు మీదనే పిగ్ అండ్ విజిల్ రెడ్. పేరు ఏదైనా రికార్డు తిరగగానే మనిషి దొరికిపోతాడు. ముక్కుతో పలికే సన్నని గొంతు, దాని వెనక ఒక చోట స్థిరంగా నిలవక గలగలలాడే పన్నెండు తీగలు.

ఆయన పాటల్లో ప్రేమ, ప్రయాణం, జూదం, చావు, దేవుడు అన్నీ ఉన్నాయి. తెల్లవాళ్ల మీద ఫిర్యాదు మాత్రం బయటికి వినపడదు. ఎందుకో తెలుసుకోవడానికి అట్లాంటా నుంచి ఉత్తరంగా గంట ప్రయాణం చేస్తే చాలు. ఫోర్సైత్ కౌంటీ, కమింగ్ పట్టణం. నేడు వందలాది తెలుగు కుటుంబాలు ఇళ్లు కొనుక్కున్న చోటు. మంచి స్కూళ్లు, గుళ్లు, శని ఆదివారాల్లో పిల్లలకు సంగీతం క్లాసులు. 1912లో ఒక తెల్ల యువతి హత్య తర్వాత ఈ కౌంటీలో ఒక నల్లజాతి వ్యక్తిని జైలు నుంచి లాగి చంపారు. ఇద్దరు కుర్రాళ్లను విచారణ తంతు ముగించి ఉరితీశారు. దాదాపు 1,100 మంది నల్లజాతీయులను కొద్ది నెలల్లోనే ఇళ్లూ పొలాలూ వదిలి పారిపోయేలా చేశారు. ఆ తర్వాత 75 ఏళ్లు అది దాదాపు పూర్తిగా తెల్లవాళ్ల కౌంటీ. 1987లో పౌరహక్కుల నాయకుడు హోజియా విలియమ్స్ నడిపిన మొదటి ఊరేగింపు మీద రాళ్లు పడ్డాయి. వారం తర్వాత దాదాపు 20,000 మంది నడిచారు. మెక్‌టెల్ బాల్యం, యవ్వనం ఇలాంటి కౌంటీల జార్జియాలోనే గడిచాయి. అక్కడ నల్లవాడి గిటారు బిగ్గరగా ఉండొచ్చు. మాట బిగ్గరగా ఉండకూడదు.

1940 నవంబరులో జానపద పాటలు సేకరించే జాన్ లోమాక్స్, ఆయన భార్య రూబీ అట్లాంటా వచ్చారు. పిగ్ అండ్ విజిల్ దగ్గర గిటారుతో ఉన్న మెక్‌టెల్‌ను రూబీ చూసింది. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కోసం ఆయన్ను తమ హోటల్ గదికి పిలిపించి రికార్డు చేశారు. పాటల మధ్య లోమాక్స్ ఒక మాట అడిగాడు, నల్లజాతివాళ్ల కష్టాల గురించి, ఫిర్యాదుగా పాడే పాటలు ఏమైనా తెలుసా అని. అలాంటివి తనకు తెలియవన్నాడు మెక్‌టెల్. ఇబ్బందిగా కదులుతున్నారేమిటి అని లోమాక్స్ మళ్లీ అడిగితే, నిన్న రాత్రి కారు ప్రమాదంలో దెబ్బ తగిలిందని చెప్పి మాట తప్పించాడు. తెల్లవాడి హోటల్ గది, తిరుగుతున్న యంత్రం, ఎటు పోతుందో తెలియని రికార్డు. ఆ కాసేపటి ఇబ్బంది ఇప్పటికీ వినవచ్చు. ఆ తర్వాత గిటారు అందుకున్నాక మాత్రం ఆయనలో తడబాటు లేదు.

జైలు నుంచి లోకానికి

ఇదే లోమాక్స్ ఏడేళ్ల ముందు, 1933లో, కొడుకు ఆలన్‌తో కలిసి లూసియానాలోని అంగోలా జైలుకు వెళ్లినప్పుడు పన్నెండు తీగల గిటారుకు మరో పెద్ద దిక్కు దొరికాడు. పేరు హడ్డీ లెడ్‌బెటర్. లెడ్ బెల్లీ అంటేనే అందరికీ తెలుస్తుంది. ఆయన పన్నెండు తీగలు పట్టింది డల్లాస్‌లో. మెక్‌టెల్ గిటారు గలగల పారితే లెడ్ బెల్లీ గిటారు ఉరిమేది. తన స్టెల్లాను మామూలు శ్రుతి కంటే బాగా కిందికి దించి, లావు తీగలు వేసి, పియానోలో ఎడమచేతి నడకలాంటి మంద్ర స్వరాలు దాని మీద నడిపేవాడు. 1934లో విడుదలై న్యూయార్క్ చేరాడు. పన్నెండు తీగల గిటారుకు తానే రాజునని ప్రకటించుకున్నాడు. ఆ మాట కాదన్నవారు లేరు. 1949 డిసెంబరులో చనిపోయాడు. మరుసటి ఏడాదే ఆయన పాట ‘గుడ్‌నైట్ ఐరీన్’ను వీవర్స్ బృందం పాడితే అది వారాల తరబడి అమెరికాలో మొదటి స్థానంలో నిలిచింది. పాటకు పేరొచ్చింది, పాడినవాడికి ఆలస్యమైంది.

అప్పటికి పన్నెండు తీగల గిటార్లు దుకాణాల్లో దాదాపు కనుమరుగయ్యాయి. రూఫ్‌టాప్ సింగర్స్ ఈ గిటార్లతో రికార్డు చేసిన ‘వాక్ రైట్ ఇన్’ పాట 1963లో అగ్రస్థానానికి చేరింది. అందుకోసం వాళ్లు గిటార్లను గిబ్సన్ కంపెనీకి ప్రత్యేకంగా ఆర్డరిచ్చి చేయించుకోవాల్సి వచ్చింది. మరుసటి ఏడాది బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ చేతికి ఎలక్ట్రిక్ పన్నెండు తీగల రికెన్‌బాకర్ వచ్చింది. దాంతో ఈ మోత ప్రపంచమంతా పాకింది. 1969లో లియో కాట్కీ అనే యువకుడు ఆరు, పన్నెండు తీగల గిటార్ల మీద మాట లేకుండా వాయించిన రికార్డు తెచ్చి, పాటకు తోడుగా మాత్రమే ఉన్న ఈ వాద్యం ఒంటరిగానూ నిలబడగలదని చూపించాడు. కాట్కీ పుట్టింది అట్లాంటాకు పక్కనే ఉన్న ఏథెన్స్‌లో కావడం యాదృచ్ఛికమే అయినా జార్జియావాళ్లు దాన్ని లెక్కలో వేసుకుంటారు.

కొన్నవాడి కష్టాలు

వీధి పోయింది, మైకు వచ్చింది. బిగ్గరగా వినిపించడానికి ఇక పన్నెండు తీగలు అక్కర్లేదు. అయినా ఈ గిటారును కొనేవాళ్లు కొంటూనే ఉన్నారు. మార్టిన్, టేలర్, గిల్డ్, యమహా లాంటి కంపెనీలన్నీ దీన్ని తయారుచేస్తాయి. పాత స్టెల్లాలకైతే వేల డాలర్లు పలుకుతాయి. ఒకప్పుడు కూలి డబ్బుల సరుకు ఇప్పుడు గాజు అల్మారాలో ఉంటుంది.

సౌకర్యం కోసం మాత్రం ఎవరూ దీన్ని కొనరు. పన్నెండు తీగలు మార్చడానికి ఒక పూట పడుతుంది. జంటల్లో అన్నిటికన్నా సన్నది, మూడో జంటలో పై స్థాయి పలికే తీగ. దారం పోగంత ఉండే అది శ్రుతి చేస్తుండగానే ఠప్పున తెగి చేతికి తగులుతుంది. పన్నెండు తీగలూ కలిసి గిటారు మీద వంద కిలోలకు పైగా లాగుతూ ఉంటాయి. అంత బరువుకు ఏళ్లు గడిచేకొద్దీ పై పలక పొట్టలా ఉబ్బుతుంది, మెడ ముందుకు వంగుతుంది. అందుకే తెలిసినవారు ఒక మెట్టో రెండు మెట్లో శ్రుతి దించి ఉంచుతారు. ఇక వాతావరణం. అట్లాంటా ఆగస్టు ఉక్కయినా, విశాఖ మే నెల ఉక్కయినా చెక్కకు ఒకటే, తేమ పీల్చి ఉబ్బుతుంది. పొద్దున కుదిరిన శ్రుతి సాయంత్రానికి జారుతుంది. పన్నెండు బిరడలు తిప్పి ముగించేసరికి మొదటిది మళ్లీ మొదటికొస్తుంది. 18వ శతాబ్దపు జర్మన్ సంగీత రచయిత యోహాన్ మాటెసన్, ఎనభై ఏళ్లు బతికిన ల్యూట్ వాద్యకారుడు అరవై ఏళ్లు శ్రుతి చేయడానికే ఖర్చు పెట్టి ఉంటాడని ఎగతాళి చేశాడు. పన్నెండు తీగలవాళ్లు ఆ మాటను తమ గురించేనని చెప్పుకుని నవ్వుకుంటారు.

చాలామందికి ఇది రెండో గిటారు. రోజూ తీసేది ఆరు తీగలదే. ఇది పెట్టెలో నెలల తరబడి పడుకుంటుంది. చోటు తినేస్తోందని ఇంట్లో మాట వస్తుంది. అమ్మేద్దామని బయటికి తీస్తారు. అమ్మే ముందు ఎలా ఉందో చూద్దామని శ్రుతి చేస్తారు. అక్కడితో బేరం ముగుస్తుంది. కష్టపడి కుదిర్చిన శ్రుతి మీద నేర్చుకున్న మొదటి రోజుల నాటి సులువైన స్వరాల గుంపు ఒకటి పట్టి, చేతిని కిందికి ఒక్కసారి జార్చితే చాలు, గది నిండిపోతుంది. పెద్ద నైపుణ్యం అక్కర్లేదు. వేగంగా వాయించాలన్నా, తీగను పక్కకు లాగి గమకం తేవాలన్నా ఈ గిటారు మొరాయిస్తుంది. నెమ్మదిగా, నిండుగా, పాటకు వెనక నడిచేవారికి మాత్రం ఇచ్చినదానికంటే ఎక్కువే తిరిగి ఇస్తుంది.

ఆలోచిస్తే డెకేటర్ స్ట్రీట్ గాయకుడు కొన్నదీ, నేటి అపార్ట్‌మెంట్లో ఉద్యోగి కొన్నదీ ఒకటే. ఒంటరిగా ఉన్నా పక్కన ఇంకొకరు ఉన్నట్లనిపించే సదుపాయం. మొదటివాడికి అది పొట్టకూటి అవసరం, రెండోవాడికి తీరిక వేళ కోరిక. రెండో తీగ మాత్రం ఇద్దరికీ ఒకేలా తోడొస్తుంది. తంబురా పెట్టుకుని ఒంటరిగా పాడుకునేవారికి ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

థామ్సన్ దారి

అట్లాంటాలో ఈ చరిత్రకు గుర్తుగా చూడటానికి దొరికేది తక్కువే. నార్త్ హైలాండ్ అవెన్యూ మీద 1986లో మెక్‌టెల్ పేరుతో మొదలైన బ్లైండ్ విల్లీస్ అనే బ్లూస్ బారు వాటిలో ఒకటి. మిగతా కథ కోసం ఊరు దాటాలి. ఐ-20 రహదారి పట్టుకుని తూర్పుగా, గోల్ఫ్ మాస్టర్స్ పోటీలు జరిగే అగస్టా వైపు దాదాపు రెండు గంటలు పోతే థామ్సన్ వస్తుంది. పైన్ చెట్లు, ఎర్రమట్టి, రోడ్డుకు ఎడంగా ఇళ్లు. తెలంగాణ చెలకలు చూసినవారికి మట్టి రంగు కొత్తగా అనిపించదు. 1990ల నుంచి ఈ చిన్న పట్టణం తన గాయకుడి పేరుతో సంగీతోత్సవం జరుపుతూ వచ్చింది. ఊరి వెలుపల జోన్స్ గ్రోవ్ బాప్టిస్ట్ చర్చి ఆవరణలో ఆయన సమాధి ఉంది.

చివరి సంవత్సరాల్లో మెక్‌టెల్ బ్లూస్ వదిలేసి చర్చిల్లో పాడాడు, బోధించాడు. అంతకుముందు 1956లో ఒక రికార్డుల దుకాణం యజమాని ఆయన్ను పిలిచి, టేపు పెట్టి, పాడమన్నాడు. పాటలూ కబుర్లూ కలిపి పాడాడు. ఆ టేపులను తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. 1959 ఆగస్టులో మిల్లెడ్జ్‌విల్‌లో మెక్‌టెల్ చనిపోయాక వాటిని వెతికితే, ఒక్క చుట్టలోని పాటలు మాత్రమే వినదగ్గ స్థితిలో మిగిలాయి. ఆయన చివరి రికార్డుగా వెలువడింది అదే. అప్పటికి ఎవరూ ఆయన్ను వెతుక్కుంటూ రాలేదు. మరో నాలుగైదేళ్లు బతికి ఉంటే, పాత బ్లూస్ గాయకులను ఇల్లిల్లూ గాలించి వేదికలెక్కించిన 1960ల తరం ఆయన్నూ వెతికి పట్టుకునేది.

ఆ చివరి టేపులో గొంతు ముదిరింది, వేళ్ల వేగం తగ్గింది. తీగలు కూడా పూర్తిగా కలవవు. ఒకదాని వెనక ఒకటి, వెంట్రుకవాసి ఎడంగా నడుస్తుంటాయి. ఆయన పాడిన హోటల్ లేదు, థియేటర్ లేదు, రికార్డుల గది లేదు. ఆ ఎడం మాత్రం, పన్నెండు తీగల గిటారు ఉన్న ప్రతి ఇంట్లోనూ ఉంది.